సెకండ్ హ్యాండ్ క్యామ్‌షాఫ్ట్‌ను ఒక బైక్ ఇంజిన్ నుంచి ఇంకోదానికి మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ఇంజిన్‌లో తిరిగిన క్యామ్‌ను (వాల్వులను తెరిచి మూసే కడ్డీ, అంటే క్యామ్‌షాఫ్ట్) ఇంకో ఇంజిన్‌లో పెట్టాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఇలా రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది. అందుకే ఒకటి రెండు సంగతులు రెండు చోట్ల కనిపిస్తాయి. ఇదంతా ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ల గురించే.

## కొనకముందు

రెండు క్యామ్‌లూ చూడ్డానికి అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. తీసి పెట్టేయొచ్చా?

కళ్లతో చూసి మాత్రం పెట్టేయకండి. పొడవు, జర్నళ్ల (క్యామ్ ఆనుకుని తిరిగే గుండ్రటి భాగాలు) వ్యాసం, లోబ్‌ల (వాల్వును ఎత్తే ఉబ్బులు) మధ్య దూరం, స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ల చక్రం) బోల్టు రంధ్రాలు, ఆయిల్ రంధ్రాలు, చైన్ రకం అన్నీ కలవాలి. అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది స్ప్రాకెట్‌ను నిలబెట్టే చిన్న పిన్ను. నేను ఒకసారి రెండు క్యామ్‌లు బల్ల మీద పక్కపక్కన పెట్టి పది నిమిషాలు చూశాను, తేడా దొరకలేదు. చివరికి రెండింటి లోబ్‌లను ఒకే దిక్కుకు తిప్పి చూస్తే పిన్ను ఒకదానిలో నాలుగు డిగ్రీలు పక్కకు ఉంది. క్యామ్ ఒక చుట్టు తిరిగేలోపు క్రాంక్ (పిస్టన్ తిప్పే షాఫ్ట్) రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి ఆ నాలుగు డిగ్రీలు క్రాంక్ దగ్గర ఎనిమిది. బోల్టులు చక్కగా పట్టేవి, బండి స్టార్ట్ కూడా అయ్యేది. పికప్ ఎందుకు చచ్చిందో మాత్రం నెల రోజులు తెలిసేది కాదు.

ఒకే కంపెనీ, ఒకే సీసీ అయితే సరిపోతుంది కదా?

అలా అనుకోవడానికి లేదు. సుజుకీ డీఆర్‌జెడ్400లో ఎస్, ఈ అని రెండు రకాలున్నాయి. సీసీ ఒకటే, కానీ ఈ మోడల్ క్యామ్‌లు కాస్త ఎక్కువ పవర్ కోసం చేసినవి. వాటిని ఎస్‌లో పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, పడతాయి కూడా. అయితే ఈ మోడల్‌కు కంప్రెషన్ ఎక్కువ, కార్బురేటర్ వేరు. క్యామ్ ఒక్కటే మారిస్తే ఆ బండి పవర్‌లో కొంత భాగమే వస్తుంది.

దీనికి ఉల్టా ఉదాహరణ హార్లే ట్విన్ క్యామ్. 1999లో వచ్చిన ఆ ఇంజిన్‌లో క్యామ్‌ల అమరికను 2006 డైనా మోడళ్లలో, 2007లో మిగతా అన్నిటిలో మార్చేశారు. పేరు అదే, ఇంజిన్ వరుస అదే. పాత క్యామ్‌లు కొత్తదానిలో నేరుగా పట్టవు. కాబట్టి మోడల్ పేరుతో పాటు తయారైన సంవత్సరం, విడిభాగం నంబరు కూడా చూడాలి.

పెద్ద ఇంజిన్ క్యామ్ తెచ్చి చిన్న ఇంజిన్‌లో వేస్తే పవర్ పెరుగుతుందా?

పైన ఆర్‌పీఎంలో పెరగొచ్చు, కింద తగ్గడం మాత్రం దాదాపు ఖాయం. పెద్ద సిలిండర్‌కు సౌమ్యంగా ఉన్న క్యామ్ చిన్న సిలిండర్‌కు రేసు క్యామ్‌లా పనిచేస్తుంది. ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే, నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో పిస్టన్ పైకి వస్తూ లోపలికి వచ్చిన గాలిని కొంత వెనక్కి నెట్టేస్తుంది. ట్రాఫిక్‌లో, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ లోటు బాగా తెలుస్తుంది.

ఇంకొకటి, రాకర్ నిష్పత్తి. రాకర్ అంటే లోబ్ కదలికను వాల్వుకు అందించే మీట. లోబ్ ఎత్తే ఎత్తును రాకర్ నిష్పత్తితో గుణిస్తే వాల్వు లిఫ్ట్ (వాల్వు ఎంత తెరుచుకుంటుందో ఆ కొలత) వస్తుంది. 6.5 మి.మీ. ఎత్తే లోబ్ 1.2 నిష్పత్తి రాకర్‌తో 7.8 మి.మీ. తెరుస్తుంది. అదే లోబ్ 1.35 నిష్పత్తి రాకర్ కింద 8.8 మి.మీ. దాకా పోతుంది. ఆ అదనపు మిల్లీమీటర్‌కు మీ స్ప్రింగ్‌లో, పిస్టన్ మీద చోటు ఉందా అన్నది అసలు ప్రశ్న.

క్యామ్ ఒక్కటే కొంటే చాలదా? రాకర్లు కూడా ఎందుకు?

నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో ఇదే ముఖ్యమైన ప్రశ్న. లోబ్, దాని మీద జారే రాకర్ మొహం కొన్ని వేల కిలోమీటర్లు రాసుకుని ఒకదానికొకటి అలవాటు పడతాయి. ఒకదాని గీతలో ఇంకోదాని గీత కూర్చుంటుంది. ఆ జంటను విడదీసి, వేరే క్యామ్‌కు అలవాటు పడ్డ రాకర్‌ను దీని మీద పెడితే భారమంతా రెండు మూడు సన్నని గీతల మీద పడుతుంది. పైనున్న గట్టి పొర పలచనిది. అది ఒకసారి తెగిందంటే లోపలి మెత్తని లోహం గబగబా అరిగిపోతుంది.

పాత మెకానిక్‌ల లెక్క ఒకటుంది. బాగున్న పాత క్యామ్ మీద కొత్త రాకర్ నడుస్తుంది, కొత్త క్యామ్ మీద అరిగిన రాకర్ మాత్రం పెట్టకూడదు. వేరువేరు ఇంజిన్ల నుంచి వచ్చిన పాత క్యామ్, పాత రాకర్లు కలపడం వీటన్నిటికన్నా అధ్వానం. అందుకే కొంటే జంటగా కొనండి, ఏ రాకర్ ఏ లోబ్‌దో గుర్తు పెట్టించుకోండి. రాకర్లు దొరక్కపోతే కొత్తవి వేయండి.

పుష్‌రాడ్ ఇంజిన్లలో (క్యామ్ కింద ఉండి, పొడవాటి కడ్డీలతో రాకర్లను నెట్టేవి) ఫ్లాట్ ట్యాపెట్‌లది (లోబ్ మీద కూర్చునే దిమ్మెలు) కూడా ఇదే కథ. చాలావాటిలో ట్యాపెట్ అడుగు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండి, నడుస్తున్నంతసేపూ తన చుట్టూ తాను తిరుగుతుంది. అడుగు గుంట పడితే తిరగడం మానేస్తుంది, ఇక లోబ్‌ను తినడం మొదలుపెడుతుంది. రోలర్ రాకర్లు ఈ విషయంలో చాలా నయం. వాటిలో రోలర్ బేరింగ్ వదులైందా, మొహం మీద గుంటలున్నాయా చూస్తే చాలు.

అమ్మేవాళ్ల దగ్గర చూసేటప్పుడు ఏం గమనించాలి?

ముందు నూనె తుడవండి. నూనె పూసిన క్యామ్ ఎంత పాడైనా తళతళలాడుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోబ్ కొన దగ్గర గోరు గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే వద్దు. సన్నని బూడిద రంగు జాడ ఫర్వాలేదు. సూది మొన గుంటలు, పెచ్చు ఊడిన చోటు, వేడికి నీలం తిరిగిన రంగు ఉంటే తిరిగి ఇచ్చేయండి. ఎమరీ కాగితంతో రుద్ది మెరిపించిన లోబ్‌ను కూడా నేను నమ్మను, ఏదో దాచడానికే రుద్దుతారు. తర్వాత జర్నళ్ల మీద చుట్టూ గీతలు, బోల్టు మరలు, డీకంప్రెసర్ (స్టార్ట్ చేసేటప్పుడు ఒత్తిడి వదిలే యంత్రాంగం) బరువు వేలితో నెడితే కదిలి స్ప్రింగ్‌తో వెనక్కి వస్తోందా అన్నవి చూడండి.

ఎంత తిరిగిన బండి నుంచి తీసిందో అడగాలా?

అడగండి, కానీ జవాబుకు పెద్ద విలువ ఇవ్వకండి. ఆయిల్ వేళకు మార్చిన బండిలో బాగా తిరిగిన క్యామ్, ఆయిల్ లేక ఒక్కరోజు నడిచిన క్యామ్ కన్నా మేలు.

## చేతికి వచ్చాక: కొలతలు

లోబ్ అరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

మైక్రోమీటర్‌తో లోబ్ మొత్తం ఎత్తు కొలిచి, సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుతో పోల్చాలి. మాన్యువల్ కొత్తదానికి 33.50 మి.మీ., హద్దు 33.20 అని చెబితే, 33.42 వచ్చిన క్యామ్ బాగున్నట్టే. ఒకే క్యామ్ మీద రెండు మూడు ఇన్‌లెట్ లోబ్‌లుంటే వాటిని ఒకదానితో ఒకటి పోల్చండి. ఒకటి మాత్రమే పదో వంతు మిల్లీమీటర్ తగ్గిందంటే అక్కడ ఆయిల్ అందలేదని అర్థం. సగటు చూసి సంతోషపడొద్దు.

ఎత్తులోంచి అడ్డంగా కొలిచిన వెడల్పు తీసేస్తే లిఫ్ట్ వస్తుందని చాలామంది అంటారు. మామూలు క్యామ్‌కు దాదాపు సరే. ఎక్కువసేపు వాల్వు తెరిచి ఉంచే క్యామ్‌లో ఆ అడ్డం కొలత దగ్గరికే లోబ్ ఎత్తడం మొదలైపోతుంది కాబట్టి లెక్క తప్పుతుంది. దానికి డయల్ గేజ్ (సన్నని కదలికను సూదితో చూపే పరికరం) పెట్టి ఒక పూర్తి చుట్టు తిప్పి చూడాలి. అదే గేజ్‌తో, వీ బ్లాకుల మీద పెట్టి క్యామ్ వంగిందేమో కూడా చూసేయండి. వంపు హద్దు ఇంజిన్‌ను బట్టి మారుతుంది, మీ మాన్యువల్‌లో చూసుకోండి.

క్యామ్‌తో పాటు దాని క్యాప్‌లు (జర్నళ్లను పైనుంచి పట్టి ఉంచే మూతలు) కూడా వచ్చాయి. వేసుకోవచ్చా?

వద్దు. సిలిండర్ హెడ్, క్యాప్‌లు కలిపి బిగించి ఒకేసారి బోర్ చేస్తారు. ఒక హెడ్ క్యాప్ ఇంకో హెడ్ మీద సరిగ్గా గుండ్రంగా కూర్చోదు. మీ క్యాప్‌లే, వాటి వాటి చోట్లలోనే వేయాలి.

జర్నల్‌కు, క్యాప్‌కు మధ్య క్లియరెన్స్ (సన్నని ఖాళీ) చూడటానికి జర్నల్ మీద ప్లాస్టిగేజ్ (నలిగే ప్లాస్టిక్) దారం పెట్టి, క్యాప్‌లు టార్క్‌కు బిగించి, విప్పి, నలిగిన వెడల్పు చూస్తారు. మధ్యలో క్యామ్‌ను వెంట్రుకవాసి కూడా తిప్పకూడదు, తిప్పితే మళ్లీ మొదటికి. హద్దు దాటితే ఆయిల్ అక్కడే కారిపోయి లోబ్‌లకు ఒత్తిడి తగ్గుతుంది. క్యామ్ బాల్ బేరింగుల మీద తిరిగే ఇంజిన్లకు ఈ గొడవే లేదు. బేరింగులు కొత్తవి వేసేయండి.

కొత్తగా తెచ్చిన క్యామ్‌కు డీకంప్రెసర్ లేదు. నడుస్తుందా?

నడుస్తుంది, స్టార్ట్ చేయడమే కష్టం. డీకంప్రెసర్ కిక్ కొట్టే వేగంలో ఎగ్జాస్ట్ వాల్వును కాస్త ఎత్తి పట్టి ఒత్తిడి వదిలేస్తుంది. ఇంజిన్ అందుకోగానే బరువులు విసురుకుని పక్కకు తప్పుకుంటుంది. పెద్ద సింగిల్ సిలిండర్‌లో అది లేకపోతే కిక్కర్ వెనక్కి తన్నుతుంది. ఆ దెబ్బకు మడమ ఎలా వాస్తుందో నాకు తెలుసు. సెల్ఫ్ స్టార్ట్ బండి అయితే మోటారు, వన్‌వే క్లచ్ పాడవుతాయి. పాత క్యామ్ నుంచి ఆ యంత్రాంగం తీసి దీనికి వేయడం కుదిరితే వేయండి, లేకపోతే ఈ క్యామ్ వదులుకోండి.

రీగ్రైండ్ చేసిన (లోబ్‌లను మళ్లీ సాన పట్టిన) క్యామ్ తీసుకోవచ్చా?

పని తెలిసినవాళ్లు చేసి, తర్వాత గట్టిపరిచిన క్యామ్ అయితే తీసుకోవచ్చు. లోబ్ ఆకారం మార్చడానికి అడుగు వృత్తాన్ని (లోబ్‌లో ఉబ్బు లేని గుండ్రటి భాగం) కోస్తారు కాబట్టి అది చిన్నదవుతుంది. ఆ ఖాళీ పూడ్చడానికి ట్యాపెట్ స్క్రూ (వాల్వు దగ్గర ఖాళీ సరిచేసే స్క్రూ) చాలా బయటికి తిప్పాల్సి వస్తుంది, లేదా మందమైన షిమ్ (ఆ ఖాళీ సరిచేసే బిళ్ల) కావాలి. స్క్రూ చివరి మర దాకా వస్తే రాకర్ కోణం కూడా చెడుతుంది.

## విప్పేటప్పుడు, బిగించేటప్పుడు

క్యాప్ బోల్టులు విప్పడంలో జాగ్రత్త ఏముంటుంది?

క్యామ్ కింద ఎక్కడో ఒక స్ప్రింగ్ నొక్కుకునే ఉంటుంది. ఒక పక్క బోల్టులు పూర్తిగా తీసేస్తే ఆ స్ప్రింగ్ బలం అంతా మిగిలిన క్యాప్ మీద పడుతుంది. ఒక క్యాప్ ఇలాగే నా చేతుల్లో టక్కుమంది. చిన్న శబ్దమే, కానీ క్యాప్ విడిగా అమ్మరు కాబట్టి మొత్తం హెడ్ మార్చాల్సి వచ్చింది. అన్ని బోల్టులూ పావు చుట్టు చొప్పున, ఒక మూల తర్వాత దానికి ఎదురు మూలగా వదులు చేయండి. బిగించడం కూడా అలాగే. 6 మి.మీ. బోల్టుకు టార్క్ సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, అంటే చేతికి చాలా తక్కువ అనిపిస్తుంది. స్ప్రాకెట్ తీసేముందు చైన్‌ను తీగతో కట్టేయండి, లేకపోతే అది క్రాంక్ కేసులోకి జారుతుంది. చైన్ సందు చుట్టూ గుడ్డలు కూరండి. పిన్నులు, వాషర్లు సరిగ్గా అక్కడికే వెతుక్కుంటూ వెళతాయి.

టైమింగ్ మార్కులు కలిస్తే చాలు కదా, డిగ్రీ వీల్ ఎందుకు?

అదే మోడల్, అదే సంవత్సరం క్యామ్ అయితే మార్కులు చాలు. వేరే ఇంజిన్ క్యామ్ అయితే ఆ మార్కులు ఆ ఇంజిన్ కోసం కొట్టినవి, మీ ఇంజిన్‌కు అవి సాక్ష్యం కావు.

డిగ్రీ వీల్‌ను (అంచున డిగ్రీలు గీసిన చక్రం) క్రాంక్‌కు బిగించి, ఇన్‌లెట్ వాల్వు మీద డయల్ గేజ్ పెట్టండి. వాల్వు 1 మి.మీ. తెరుచుకున్నప్పుడు వీల్ టీడీసీకి (పిస్టన్ బాగా పైన ఉండే చోటు) ముందు 8 డిగ్రీలు చూపిందనుకుందాం. మూసుకుంటూ 1 మి.మీ. మిగిలినప్పుడు బీడీసీ (పిస్టన్ బాగా కింద ఉండే చోటు) తర్వాత 40 చూపింది. 8, 180, 40 కలిపితే 228. అందులో సగం 114. దానిలోంచి 8 తీసేస్తే 106. అంటే లోబ్ మధ్యభాగం టీడీసీ తర్వాత 106 డిగ్రీల దగ్గర ఉంది. మీకు కావలసిన అంకెతో తేడా ఉంటే, స్లాట్ రంధ్రాల స్ప్రాకెట్‌తో సరిచేయాలి.

పన్ను మార్చి సరిచేద్దామని చూడకండి. 34 పళ్ల స్ప్రాకెట్‌లో ఒక పన్ను అంటే క్యామ్ దగ్గర 10.6 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 21. అంత తేడాను చాలా ఇంజిన్లలో వాల్వులు తట్టుకోలేవు.

వాల్వు పిస్టన్‌కు కొడుతుందేమోనని భయంగా ఉంది. ముందే ఎలా తెలుసుకోవాలి?

భయం న్యాయమైనదే. హెడ్ విప్పి ఉంటే పిస్టన్ మీద వాల్వు గుంటల్లో బొమ్మల మట్టి పలచగా అద్ది, పైన రెండు చుక్కల నూనె రాయండి. పాత గ్యాస్కెట్‌తోనే హెడ్ బిగించి, ట్యాపెట్ సెట్ చేసి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. విప్పి మట్టిని బ్లేడుతో కోసి, అతి పలచని చోట మందం కొలవండి. ఇన్‌లెట్‌కు కనీసం 1 మి.మీ., వేడికి ఎక్కువ సాగే ఎగ్జాస్ట్‌కు కనీసం 1.5 మి.మీ. ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క.

వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు పిస్టన్ చాలా కిందే ఉంటుంది. ప్రమాదం టీడీసీకి అటూ ఇటూ పది డిగ్రీల దగ్గర. ఎగ్జాస్ట్‌ను అప్పుడు పిస్టన్ తరుముకొస్తుంటుంది, ఇన్‌లెట్ అప్పుడు పిస్టన్‌ను తరుముతుంటుంది. రెండు వాల్వులు ఎదురెదురుగా వాలి ఉండే హెడ్‌లో ఒకదానికొకటి తగలడం కూడా అక్కడే జరుగుతుంది.

లిఫ్ట్ పెరిగితే స్ప్రింగ్‌నూ చూడాలి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకోకుండా మొత్తం మీద కనీసం 1 మి.మీ. ఖాళీ మిగలాలి. రిటైనర్ (స్ప్రింగ్‌ను పైన పట్టే పళ్లెం) కిందున్న వాల్వు సీల్‌కు తగలకూడదు.

షిమ్ లెక్క ఎలా వేయాలి?

పాత షిమ్ మందానికి, మీరు కొలిచిన వాల్వు క్లియరెన్స్‌లోంచి (లోబ్‌కు, అది నొక్కే భాగానికి మధ్య ఖాళీ) కావలసిన క్లియరెన్స్ తీసేసి కలపండి. షిమ్ 2.60 మి.మీ., కొలిచింది 0.27, కావలసింది 0.15 అయితే తేడా 0.12, కొత్త షిమ్ 2.72. షిమ్‌లు ఎక్కువగా 0.05 మెట్లలో దొరుకుతాయి కాబట్టి 2.70 వేస్తే 0.17 వస్తుంది. మాన్యువల్ ఇచ్చిన పరిధిలో ఉన్నంతవరకు కాస్త వదులు వైపే ఉండండి. బిగువైన ట్యాపెట్ శబ్దం చేయకుండానే వాల్వును కాల్చేస్తుంది.

టెన్షనర్ (టైమింగ్ చైన్‌ను బిగువుగా ఉంచే భాగం) తిరిగి బిగించాక ఇంజిన్ తిప్పుతుంటే గట్టిగా ఉంది. ఏమైంది?

ఆటోమేటిక్ టెన్షనర్‌ను లోపలికి నెట్టి లాక్ చేయకుండా బిగించి ఉంటారు. బోల్టులు బిగిసేకొద్దీ అది చైన్‌ను నెట్టేస్తుంది. విప్పి, పళ్ల కడ్డీని వెనక్కి నెట్టి, బిగించాక వదలండి.

## మొదటి స్టార్ట్, ఆ తర్వాత

సెల్ఫ్ నొక్కే ముందు ఏం చేయాలి?

ప్లగ్ తీసి, స్పానర్‌తో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా మొండిగా ఆగితే బలం పెట్టకుండా ఆపేయండి, అక్కడ లోహం లోహానికి తగిలింది. రెండు చుట్ల తర్వాత మార్కులు మళ్లీ చూడండి. లోబ్‌ల మీద, రాకర్ మొహాల మీద మాలిబ్డినం అసెంబ్లీ పేస్టు, జర్నళ్లకు ఇంజిన్ ఆయిల్ బిగించేటప్పుడే రాసి ఉండాలి. హెడ్‌లో క్యామ్ కింద ఆయిల్ నిలిచే గుంటలుంటే నింపండి. తర్వాత ప్లగ్ లేకుండానే కొంచెంసేపు సెల్ఫ్‌తో తిప్పి, హెడ్‌లోకి ఆయిల్ వచ్చేదాకా చూడండి.

స్టార్ట్ అయ్యాక ఐడ్లింగ్‌లో వదిలేస్తే నెమ్మదిగా సెట్ అవుతుంది కదా?

సరిగ్గా ఇదే చేయకూడదు. లోబ్ కొన మీద భారం ఎక్కువగా ఉండేది నెమ్మదిగా తిరిగేటప్పుడే. వేగం పెరిగితే వాల్వు విసురు వల్ల ఆ భారం కొంత తగ్గుతుంది, ఆయిల్ కూడా బాగా చిమ్ముతుంది. కొత్త క్యామ్‌ను మొదట 20 నిమిషాలు వేగంగా తిప్పాలని కార్ల వాళ్లు చెప్పే లెక్కను మాత్రం ఎయిర్ కూల్డ్ బైక్‌కు అలాగే పట్టించకండి, నిలబెట్టి అంతసేపు తిప్పితే వేడెక్కిపోతుంది. ఐడ్లింగ్ కన్నా బాగా పైన, వేగం మారుస్తూ రెండు మూడు నిమిషాలు నడిపి, లీకులు చూసుకుని రోడ్డెక్కండి. మొదటి ఆయిల్ త్వరగా మార్చండి. తీసిన ఆయిల్‌లో అయస్కాంతం ముంచి చూడండి. బూడిదలాంటి సన్నని పొడి సహజం, మెరిసే రేకులు కనిపిస్తే హెడ్ కవర్ మళ్లీ విప్పాల్సిందే.

టకటక శబ్దం వస్తోంది. క్యామ్ పోయిందా?

తొందరపడొద్దు. ఇంజిన్ చల్లారాక క్లియరెన్స్ మళ్లీ కొలవండి. మొదటి వంద కిలోమీటర్లలో ఒక్కసారి కొంచెం మారడం మామూలే. ఒకే వాల్వు దగ్గర కొలిచిన ప్రతిసారీ ఖాళీ పెరుగుతుంటే ఆ లోబ్ అరుగుతున్నట్టు. గరగరమంటూ యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఎక్కువైతే టైమింగ్ చైన్ వైపు చూడండి.

కంప్రెషన్ గేజ్ ముందుకన్నా తక్కువ చూపిస్తోంది. రింగులు పాడయ్యాయా?

ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసే క్యామ్ వేస్తే కిక్ వేగంలో గేజ్ తక్కువే చూపిస్తుంది. డీకంప్రెసర్ ఉన్నా అంతే. రింగుల మీద అనుమానముంటే లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. వాల్వులు రెండూ మూసి, గాలి పంపి చూస్తారు కాబట్టి దానికి క్యామ్‌తో సంబంధం ఉండదు.

ఐడ్లింగ్ నిలబడట్లేదు, కార్బురేటర్ మార్చాలా?

ముందు ట్యాపెట్లు, టైమింగ్ సరిచూడండి. అవి బాగుంటే, రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరగడం వల్ల వ్యాక్యూమ్ తగ్గి ఉంటుంది. ఐడ్లింగ్ కొంచెం పెంచి, పైలట్ స్క్రూ (ఐడ్లింగ్ మిశ్రమం సరిచేసేది) సెట్ చేసి, చాలకపోతే జెట్‌లు (పెట్రోలు కొలిచి వదిలే రంధ్రాలు) మార్చాలి. వ్యాక్యూమ్‌తో పిస్టన్ లేచే కార్బురేటర్లు ఈ మార్పుకు ఎక్కువ అలుగుతాయి. ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండిలో కంప్యూటర్‌లోని ఇంధన మ్యాప్ కూడా మార్పించాలి. క్యామ్ సెన్సర్ ఉంటే దాని గుర్తు కొత్త క్యామ్ మీద అదే చోట ఉందో లేదో కొనేటప్పుడే చూసుకుని ఉండాలి.

తీసేసిన పాత క్యామ్ ఎవరికైనా ఇచ్చేయనా?

కనీసం కొన్ని నెలలు ఆగండి. తిరిగి వెనక్కి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను, నేనూ ఒకసారి వెళ్లాను. క్యామ్‌కు చిక్కగా నూనె రాసి గుడ్డలో చుట్టండి. దాని రాకర్లను ఏ లోబ్‌ది ఏదో చీటీ కట్టి అదే పెట్టెలో వేయండి. షిమ్ కొలతలు రాసిన కాగితం కూడా అందులోనే ఉంచండి.